బొమ్మ బస్సులకో గది

ఏవండీ,

మీరు పోయి ఏడాదైంది. బియ్యం బస్తాలు పెట్టుకునే చిన్న గదిని ఇవాళ ఖాళీ చేయించాను. రిటైరయ్యాక మీ బొమ్మ బస్సుల పనికి సర్దుకుందామని మనం అనుకున్న గది అదే.

మీరు సగంలో వదిలిన, వడ్డాది ఊరికెళ్లే బస్సు బొమ్మను నేనే పూర్తి చేశాను. ఇన్నేళ్లూ జిగురు ఆరేదాకా అట్టముక్కలు పట్టుకుని కూర్చున్నదాన్ని, ఆమాత్రం రాదా? కిటికీలు కాస్త వంకరగా వచ్చాయి. మీరైతే పీకేసి మళ్లీ అతికించేవారు. నేను అలాగే ఉంచేశాను. ఇప్పుడు చీడికాడ బస్సు మొదలుపెట్టాను. మంచం మీద చేస్తుంటే దుప్పటికి రంగు అంటుకుంటోంది, అందుకే ఈ గది.

విశాఖ నుంచి మన అమ్మాయి ఫోన్ చేసి, "ఈ వయసులో నీకు బొమ్మలేటే అమ్మా?" అని నవ్వింది. ఫోన్ పెట్టేసే ముందు, "సన్న బ్రష్షులు పంపిస్తన్నాను, సూసుకో" అంది.

వెలుతురు బాగుంటుందని కిటికీ కింద బల్ల వేయిస్తున్నాను. కొలతలకు వడ్రంగి సింహాచలం వచ్చాడు.

"నిలబడి పని సేసుకుంటాను, నా నడుం ఎత్తుకి బల్ల కావాలని అయ్యగారు అప్పట్లో సెప్పేరమ్మా. అలాగే సేసీమంటారా?" అని అడిగాడు.

మీ నడుం ఎత్తంటే నాకు గుండెల దాకా వస్తుంది.

"వద్దు బాబూ. నాకు సరిపోయేటట్టు సెయ్యి" అని, కుర్చీ వేసుకుని కిటికీ కింద కూర్చున్నాను. అతను వంగి, నా మోచేతి పక్కన గోడ మీద పెన్సిల్‌తో గీత గీశాడు.

మీ
లక్ష్మి