ఆ పిలుపు నాకు వినిపించింది

పాపటోయిటోయి,
18 ఆగస్టు 2014

శ్రీవారికి తాయారు నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ సిరీ ఒంట్లో బాగానే ఉన్నాం. అత్తయ్యగారి అస్థికలు గోదావరిలో కలిపి మీరూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోన్లో మీ గొంతు వింటే నాకు నోరు పెగలడం లేదు. అందుకే మీ ఉత్తరానికి ఉత్తరమే రాస్తున్నాను.

మనకు ఈ దేశంలోనే స్థిరపడేందుకు రెసిడెన్సీ వచ్చింది. నిన్న కవరు విప్పగానే సిరి గంతులేసింది. "అమ్మా, స్వామి రియల్లీ మన మాట విన్నాడు కదా!" అంది. నేను ఆ కాగితం మళ్ళీ కవర్లో పెట్టేశాను.

మైల తీరింది కదా, మళ్ళీ పూజ మొదలుపెట్టావా అని అడిగారు. లేదండీ. విగ్రహానికి గుడ్డ కప్పేశాను.

అమ్మ ఆఖర్న ఏమైనా అందా అని కూడా అడిగారు. నేను చూసేసరికే పోయారని అందరికీ చెప్పాను. ఆవిడ పిలిచిన సంగతి దాచాను.

రెసిడెన్సీ కోసం పట్టిన దీక్షలో అది నలభయ్యో రోజు. మీరు వేర్‌హౌస్‌కి, సిరి స్కూలుకి వెళ్ళారు. నేను పాలతో అభిషేకం చేస్తున్నాను. వంటింట్లో ఏదో పడిన చప్పుడైంది. "తాయారూ, ఒక్కసారి రావే. గుండె పట్టేసిందే" అన్నారు అత్తయ్యగారు. లేవబోయాను. మధ్యలో లేస్తే స్వామికి కోపం వస్తుందని, ఇన్నాళ్ళ దీక్ష పాడవుతుందని భయమేసి కూర్చుండిపోయాను. మళ్ళీ పిలిచారు. అది వినపడకూడదని నామాలు గొంతెత్తి చదివాను. మూడోసారి "అమ్మా" అని మాత్రం అన్నారు. హారతి ఇచ్చి వెళ్ళేసరికి ఆవిడ నేల మీద, నేను పూజ చేస్తున్న గది వైపు చెయ్యి చాపి ఉన్నారు.

అంబులెన్సు వెళ్ళిపోయాక విగ్రహం ముందు కూలబడి, "లేచి వెళ్ళమని నాకెందుకు చెప్పలేదు?" అని అరిచాను. పాలు ఎండి దాని చెంపల మీద చారలు కట్టాయి. అంతే. నన్ను పిలిచిన దేవుడు వంటింట్లో ఉన్నాడండీ. నేను ఇత్తడి బొమ్మకు స్నానం చేయిస్తూ కూర్చున్నాను.

ఇప్పుడు కుళాయి తిప్పినా, కెటిల్ మరిగినా ఆవిడ పిలిచినట్టే ఉంటుంది. ప్రతిసారీ పరుగెత్తుతాను. అక్కడ ఎవరూ ఉండరు.

సిరికింకా తెలియదు. మీ దగ్గర దాచి మీ పక్కన బతకడం నావల్ల కాదు. వచ్చే నెల మీరు విమానం దిగే రోజున నన్ను ఎయిర్‌పోర్టుకి రమ్మంటారో వద్దంటారో ఒక్క ముక్క రాయండి. పిలిస్తే వస్తాను. పిలవకపోయినా మీ తప్పు లేదు.

ఇట్లు,
మీ భార్య
మంగతాయారు