ఏ టేబుల్ దగ్గర

తమ్ముడూ,

నువ్వు పోయాక వచ్చిన మొదటి దీపావళి ఇది. మా ఇందిరాపురం అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఈ సాయంత్రం కాసినో పార్టీ పెట్టారు. టేబుళ్లు అద్దెకు తెచ్చారు, బిళ్లలు ఉత్తుత్తివే. భోజనం అక్కడే కదా అని అమ్మ కూడా నాతో వచ్చింది.

క్రాప్స్ అనే పాచికలాట టేబుల్ నడిపే హిందీ అమ్మాయి నాకు ఆట నేర్పింది. ముందు టేబుల్ మీద పాస్ లైన్ అని గీసిన చోట బిళ్ల పెట్టాలి. మొదటి విసురులో రెండు పాచికలూ కలిపి ఏడో పదకొండో పడితే గెలుపు. రెండు, మూడు, పన్నెండు పడితే ఓటమి. ఇంకేది పడినా అదే అంకె మళ్లీ వచ్చేదాకా విసరాలి. ఈలోగా ఏడు పడిందా, బిళ్ల పోయినట్టే. మొదట గెలిపించిన ఏడే తర్వాత ఓడిస్తుందంటే నవ్వొచ్చింది. ఇదంతా నీ నోట వినాల్సింది.

అమ్మ నా వెనకే నిలబడి చూసింది. సిలువ కింద సైనికులు ప్రభువు బట్టల కోసం చీట్లు వేశారని మన లూడో పాచికను పారేసింది కూడా ఈ అమ్మే. నువ్వు గోవా కాసినోలో చేస్తుంటే, చర్చిలో "హోటల్లో ఉద్యోగం" అని చెప్పి ప్రార్థన చేయించేది. అలాంటిది ఉన్నట్టుండి వచ్చీరాని హిందీలో, "మేరా బేటా భీ యహీ కామ్ కర్తా థా, కాసినో మే" అంది, నువ్వూ ఇదే పని చేసేవాడివని.

ఆ అమ్మాయి ముఖం విప్పారింది. "అచ్ఛా ఆంటీ, కౌన్సే టేబుల్ పే?"

అమ్మ నా వైపు చూసింది. నేను పాచికల వైపు చూశాను. సెలవుకు వచ్చిన ప్రతిసారీ ఏం తింటున్నావని అడిగాం, ఎందుకిలా చిక్కిపోయావని అడిగాం. ఏ టేబుల్ దగ్గర చేస్తావని మాత్రం ఇద్దరం ఎప్పుడూ అడగలేదు.

అక్క