మంజులకు నమ్మకం చాలలేదన్నారు

చిక్కడపల్లి,
14-10-2012.

ప్రియమైన తమ్ముడు ఆశన్నకు,

ప్రభువు పేరిట అక్క మనోరమ వందనాలు. ఇక్కడ నేనూ, నీ కూతురు సంధ్యా ఆరోగ్యంగానే ఉన్నాం. ఆ కొండల్లో అప్పుడే చలి మొదలైందని, సొరంగంలో పైనుంచి నీళ్లు కారుతున్నాయని రాశావు. తడి బట్టలతో పడుకోకు. నీ ఉత్తరం అంది పది రోజులైంది. జవాబు రాద్దామని మూడుసార్లు కూర్చుని లేచాను.

ముందు సంధ్య సంగతి. దానికి దగ్గు లేదు. ఛాతీ ఫోటో తీయించాను, ఏమీ లేదన్నారు. ఇంట్లో ఆ జబ్బు ఉండింది కాబట్టి ఆరు నెలలు రోజూ ఒక మాత్ర వేయమన్నారు, వేస్తున్నాను. బడికి పోతోంది. అమ్మ ఎప్పుడొస్తదని ఇదివరకు అన్నం ముందు కూర్చుని అడిగేది. ఈ మధ్య అడగడం మానేసింది. అడిగినప్పటికన్నా ఇప్పుడే నాకు ముద్ద దిగడం లేదు.

అశోక్ నగర్ హాస్టల్లో వంటపని ఎట్లా ఉందని అడిగావు. పోయింది. ఎందుకు పోయిందో చెప్పాలంటే నువ్వు చివర అడిగినదానికి జవాబు చెప్పాలి.

మంజులకు నమ్మకం చాలకనే ప్రాణం పోయిందని ప్రార్థనలో ఆడవాళ్లు అన్నారట, నిజమేనా అక్కా అని అడిగావు. భార్య అవిశ్వాసాన్ని క్షమించమని ప్రతి శుక్రవారం ఉపవాసం ఉండి ప్రార్థిస్తున్నానని రాశావు. రాళ్లెత్తే పనికి పస్తుండి పోతున్నావు. ఆ మాట చదివాక నేను నోరు మూసుకుని ఉండలేకపోయాను. నువ్వు పనిచోటు నుంచి చేరేసరికి మట్టి చేసేశాం. తర్వాత పది రోజులు నా ఇంట్లోనే ఉన్నావు. అప్పుడు కూడా నేను చెప్పలేదు.

పోయిన ఏడాది వానాకాలంలో నాకు దగ్గుతో రక్తం పడింది, టీబీ అన్నారు. నారాయణగూడలో మేడ మీద మాసయ్య పాస్టరుగారు గురువారాలు పెట్టే స్వస్థత ప్రార్థనకు పోయాను. ఆయన తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు, తగ్గింది. నీకు తెలిసింది అంతే, అందరికీ నేను చెప్పిందీ అంతే. చెప్పనిది ఒకటుంది. ఆరు నెలలూ నేను మందులు వాడాను తమ్ముడూ. కూరగాయలకని చెప్పి సర్కారు దవాఖానకు పోయి నర్సమ్మ ముందు మింగి వచ్చేదాన్ని. తర్వాత ఇంటికిచ్చిన మాత్రలు కుట్టుపెట్టెలో దారపు ఉండల కింద దాచాను. పక్క గదిలో ఉన్న మంజులకు కూడా తెలియనివ్వలేదు.

నాలుగో నెలకు దగ్గు పోయింది. పాస్టరుగారు సంతోషపడి సాక్ష్యం చెప్పమని ముందుకు పిలిచారు. మైకు ఇచ్చే ముందు మెల్లగా అడిగారు: “మందులు వాడుతున్నవా అమ్మా?”

ముందు వరసలో మా హాస్టల్ మేడమ్ కూర్చుని ఉంది. ఇంకా మందులు మింగుతున్నానంటే ఇంకా రోగిష్టిదాన్నే. మర్నాటి నుంచి వంటింటి గడప తొక్కనియ్యదు.

“లేదయ్యా. ప్రభువే ముట్టిండు,” అన్నాను.

మొదటిసారి భయంతో అన్నాను. రెండోసారి భయం లేదు. నలభై ఏళ్లకు నా మాట వినడానికి రెండు వందల మంది నోరు తెరుచుకుని కూర్చున్నారు. నేను ఏడిస్తే ఏడ్చారు. గిన్నెలు తోమి పగిలిన ఈ చేతులను పట్టుకుని కళ్లకద్దుకున్నారు. నాకది బాగుంది. ప్రతి గురువారం చెప్పాను.

తర్వాత మంజులకు అదే దగ్గు వచ్చింది. నా నుంచే అంటి ఉంటుంది. హిమాయత్‌నగర్లో ఇటుకలు మోసే పనిలో ఉండేది కదా. మందులు మొదలుపెట్టగానే వాంతులు, కళ్లు తిరగడం. ఒక ఉదయం నా గదికి వచ్చి గోడకు ఆనుకుని కూర్చుంది.

“వదినా, నీకు మందుల్లేకుంటనే తగ్గింది గద. నన్ను మాత్రం దేవుడు ఎందుకు ఇడుస్తడు? నేను గూడ మాత్రలు బంద్ చేసి ఆయననే నమ్ముకుంట.”

నా చివరి అట్టలో మాత్రలు అప్పటికి గంట కిందటే మింగాను. నోట్లో ఆ చేదు ఇంకా పోలేదు.

“నీ ఇష్టం పిల్లా. ప్రభువే చూస్కుంటడు,” అన్నాను.

రెండు నెలల్లో సగమైపోయింది. నాకు భయం పుట్టి దవాఖానకు పోదాం పట్టు అని బతిమాలాను. “నువ్వే గిట్లంటే ఎట్ల వదినా? ఇప్పుడు పోతే నా నమ్మకం ఉత్తదని దేవుడు అనుకోడా?” అంది. అప్పుడైనా కుట్టుపెట్టెలోని ఖాళీ మాత్రల అట్టలు తీసి చూపించి ఉంటే బతికేది.

పాస్టరుగారికి తెలిసి ఇంటికి వచ్చారు, కోప్పడ్డారు. “మందు గూడ దేవుడిచ్చిందేనమ్మా. ఆపమని నేను ఎన్నడన్న చెప్పిన్నా?”

“మా వదినకు ఎట్ల తగ్గింది మరి అయ్యా?” అంది మంజుల.

ఆయన నా వైపు చూశారు. నేను పొయ్యి వైపు తిరిగి చాయ్ గిన్నె పెట్టాను.

దవాఖానలో చేర్చేసరికి ఊపిరితిత్తుల్లో ఏమీ మిగల్లేదన్నారు. నాలుగు రోజులుంది. మట్టి చేసిన రోజు సంఘంలో పెద్దావిడ తిమ్మమ్మ నన్ను కావలించుకుని, “నీకున్నంత నమ్మకం పాపం ఆమెకు లేకపాయె,” అంది. నేను తలూపాను తమ్ముడూ. చనిపోయిన పిల్ల మీద ఆ నింద పడుతుంటే తలూపాను. అదే మాట తర్వాత నీ చెవిన పడింది.

నీ ఉత్తరం చదివిన గురువారం మైకు అడిగి తీసుకుని ఉన్నదంతా చెప్పేశాను. మేడమ్ మధ్యలోనే లేచిపోయింది, మర్నాడు పనికి రావద్దని కబురు పంపింది. తిమ్మమ్మ, ఇంకో నలుగురు కలిసి నాకు సైతాను పట్టిందని తల మీద చేతులు పెట్టి గట్టిగా ప్రార్థన చేశారు. నేను నిజం చెప్పింది ఆ ఒక్క రోజే, ఆ ఒక్క రోజే నన్ను బాగుచేయమని దేవుణ్ణి అడిగారు. మాసయ్యగారు మెట్ల మీద కూర్చుండిపోయారు. “నీ కండ్లల్ల భయం ఆనాడే చూసిన. అయినా మళ్ల అడగలే. హాలు నిండుతుండె గద,” అన్నారు.

నేనిప్పటికీ ప్రార్థన చేస్తాను. జవాబు వస్తుందని కాదు, ఇంకెవరితో మాట్లాడాలో తెలియక.

సంధ్యను తీసుకుపోతానంటే సిద్ధంగా ఉంచుతాను, అడ్డం చెప్పను. నా దగ్గరే ఉంచుతానంటే దాన్ని చూసుకుంటాను. నన్ను క్షమించమని నిన్ను అడగడం లేదు, దేవుణ్ణీ అడగొద్దు. మంజుల తరఫున అడగడం మాత్రం ఆపెయ్. ఆమె చేసిన తప్పేమీ లేదు. మా ఇద్దరిలో నమ్మింది ఆమె. నమ్మనిదాన్ని నేను బతికున్నాను.

శుక్రవారం కడుపునిండా తిని పనికి పో.

ఇట్లు,
నీ తోడబుట్టిన
మనోరమ