గొలుసుకట్టుకు జవాబులు

గుణదల, ఆషాఢ బహుళ షష్ఠి.

ఏమండీ,

రేపు మీ తద్దినం. ఇవాళ క్లాసులో ఒక సంగతి తేలింది. మీకు తప్ప ఎవరికీ చెప్పాలనిపించక రాస్తున్నాను.

డెబ్బై ఒకటో ఏట యూనివర్సిటీలో కృత్రిమ మేధ మొదటి కోర్సులో చేరాను. ఆఖరి నాలుగు నెలలూ మంచం మీద కూర్చుని మీరు రాసిన నోటుబుక్కు కోసమే చేరాను. కరణం చేసిన మామగారి దగ్గర నేర్చిన గొలుసుకట్టులో, పెన్ను ఎత్తకుండా రాశారు. ఒక్క ముక్క చదవలేకపోయాను. "అక్షరాలు విడదీసి రాయండి" అని నలభై ఏళ్లు పోరితే, "చదివి పెట్టడానికి నేనున్నాగా" అనేవారు.

యంత్రం చేత చదివిద్దామని పాఠం చెప్పే అమ్మాయిని అడిగాను.

"ముందు దానికి జవాబులు తెలిసిన ఉదాహరణలు చూపించాలి మామ్మగారూ, ఏ రాత ఏ మాటో. తాతగారి రాతకి జవాబులు ఎవరి దగ్గరున్నాయి?" అంది.

నా దగ్గరే ఉన్నాయి. నేను చెబుతుంటే మీరు రాసిన సరుకుల చీటీలన్నీ దాచాను. మీ రాత మీద నమ్మకం లేక, అవే సరుకులు అదే వరుసలో తేదీ వేసి నా పుస్తకంలోనూ రాసుకున్నాను.

"అయితే అది పప్పులూ ఉప్పులే చదువుతుందేమోనండీ" అని నవ్వింది.

"అక్షరాలు అవే కదమ్మా" అన్నాను.

ఇక జరగవలసినవి:

1. చీటీలన్నిటికీ ఫొటోలు తీయాలి.
2. ప్రతి మాటకూ నా పుస్తకం చూసి జవాబు రాయాలి. ఊహించి రాయకూడదు.
3. యంత్రం మీ నోటుబుక్కు చదివే రోజు ఇంట్లో నేను తప్ప ఎవరూ ఉండకూడదు.
4. అందులో నా మీద ఫిర్యాదులే ఉన్నా, మీరు చదివి పెడుతున్నట్టే చివరి పేజీ దాకా వినాలి.