వెనక బెంచీ సాక్ష్యం

నరసరావుపేట,
17 ఆగస్టు 2025, ఆదివారం.

వదిన మార్తమ్మ గారికి,

మీ వియ్యపురాలు ప్రేమమ్మ వందనాలు చెప్పి రాయునది. దేవుని దయ వల్ల ఇక్కడ మా అందరికీ ఒంట్లో క్షేమమే. ఇంట్లో మాత్రం క్షేమం సగమే ఉంది, మిగతా సగం మా కోడలు షెర్లీతో పాటు దాచేపల్లి వచ్చి మీ దగ్గరే కూర్చుంది. మీ కంటి ఆపరేషన్ బాగా జరిగిందని విని సంతోషించాం. చుక్కలు వేళకి వేయించుకోండి, పొయ్యి దగ్గరికి పోకండి. మీరు నా మాట వినరని తెలుసు, అయినా చెప్పడం నా వంతు. దానియేలు అన్నయ్య గారిని అడిగినట్టు చెప్పండి.

ఫోన్ ఉండగా ఉత్తరమేంటని మీరు అనుకుంటారు. మీరు ఫోన్ స్పీకర్‌లో పెడతారు వదినా. పోయిన ఆదివారం నేను ఒక మాట అనేలోపే మీ పక్కింటి గుల్జార్ బేగం నాకు జవాబు చెప్పింది. పైగా కోపం వస్తే మీరు కట్ చేస్తారు. ఉత్తరాన్ని అయితే కట్ చేయలేరు. మీకు చూపు ఇంకా మసకే కాబట్టి ఇది షెర్లీయే చదివి వినిపిస్తుంది. మధ్యలో ఎక్కడైనా గొంతు తగ్గి రెండు వాక్యాలు మింగినట్టు అనిపిస్తే మళ్లీ మొదటి నుంచి చదవమనండి. మా బడి గేటు పక్కన షెడ్డు ఉన్న మెకానిక్ సుభానీ లారీ పని మీద రేపు మీ ఊరు వస్తున్నాడు, అతని చేతికిచ్చి పంపుతున్నాను. టీ ఇవ్వకుండా పంపకండి.

ఇక అసలు సంగతి. మొగుడి కాగితాలు తిరిగొచ్చి పెళ్లాం కాగితాలు పాసైతే అదేం కాపురం వదినా, అల్లుడు మా పిల్ల వెనకాల తోకలాగా పోతే మా మొహాలు ఏడ పెట్టుకోవాలి, ఆ ఆస్ట్రేలియా లేకపోతే ఏంది, గమ్మున ఊరుకోమని దానికి చెప్పా అన్నారు మీరు. చెప్పిన మాట పనిచేసినట్టే ఉంది. చుక్కలు వేయడానికి వచ్చిన అమ్మాయి అక్కడే ఉండిపోయింది. నేను ఫోన్ చేస్తే, చూద్దాం అత్తయ్యా అంటుంది. చూడటానికి టైము లేదు. నవంబరులో ఆమెకి ముప్పై మూడు నిండుతాయి. వయసుకి ఇచ్చే పాయింట్లు అప్పుడు తగ్గిపోతాయి, ఆ తర్వాత దరఖాస్తు పెట్టినా పెట్టకపోయినా ఒకటే అంటున్నారు మా ఊళ్లో ఈ వీసా పనులు చూసే హబీబుల్లా గారు. ఆమె సంతకం పెడితే తప్ప ఆయన ఫైలు కదపరు.

మీకు ఫోన్‌లో ముక్కలు ముక్కలుగా చేరిన కథని ఒకసారి వరసగా చెబుతాను.

మా ప్రవీణ్, షెర్లీ ఇద్దరూ ఇక్కడ ప్రైవేటు బడుల్లో చెబుతున్న సంగతి మీకు తెలుసు. వాడు లెక్కలు, ఆమె ఫిజికల్ సైన్స్. పోయినేడు మే నెలలో అడ్మిషన్ల కోసం యాజమాన్యం వాళ్లని ఊళ్ల మీదికి పంపింది. ఎండలో రొంపిచర్ల దాకా ఇంటింటికీ తిరిగి, మా బడిలో చేర్చండి అని బతిమాలి వచ్చారు. ఒక ఇంట్లో ఎవరో వీళ్లని చీటీల వాళ్లనుకుని కుక్కని వదిలారట. ఆ సాయంత్రం ఇద్దరూ చెప్పులు విప్పుకుంటూ ఒకే మాట అన్నారు, ఎక్కడికైనా పోదాం అని. టీచర్లు కావాలని ఆస్ట్రేలియా పిలుస్తోందని హబీబుల్లా గారు చెప్పారు. అయితే వీసాకి ముందు అక్కడ ఒక ఆఫీసు మన చదువుల్ని తూచి, ఈ మనిషి నిజంగా టీచరే అని ఒప్పుకోవాలి.

ముఖ్య దరఖాస్తు ప్రవీణ్ పేరు మీద పెట్టారు. ఎందుకు అని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. మగవాడు కాబట్టి. షెర్లీ చదువుని కూడా తూకానికి పంపింది వాడికి నాలుగు పాయింట్లు కలిసొస్తాయనే. అన్నంలోకి పచ్చడిలాగా అన్నమాట.

ఇంగ్లీషు పరీక్ష ఇద్దరూ రాశారు. ప్రవీణ్ మొదటిసారే గట్టెక్కాడు, అబద్ధం చెప్పకూడదు, వాడి ఇంగ్లీషు బాగుంటుంది. షెర్లీ రెండోసారి నెగ్గింది. మాట్లాడే పరీక్ష కోసం వంటింట్లో నాతోనే ప్రాక్టీసు చేసింది. నాకు నచ్చిన ప్రయాణం గురించి ఇంగ్లీషులో చెప్పమంటే చెన్నై ఆసుపత్రికి పోయిన సంగతి చెప్పాను. మీ అన్నయ్య గారు పేపరు అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ తూచే ఆఫీసు వాళ్లకి డిగ్రీ, బీఎడ్ పట్టాలు చాలవు. బీఎడ్‌లో ఉండగా నిజమైన బడిలో, నిజమైన పిల్లల ముందు, ఒక పాత టీచరు చూస్తుండగా పాఠాలు చెప్పావా అన్నది వాళ్లకి ముఖ్యం. చెప్పినట్టు కాలేజీ రాసివ్వాలి. షెర్లీ గుంటూరులో రోజూ క్లాసులకి పోయి చదివింది కాబట్టి కాలేజీ చుట్టూ తిరిగి ఆ కాగితం తెచ్చుకుంది. ప్రవీణ్‌ది మీకు తెలిసిందే. ఉద్యోగం చేసుకుంటూ, వేరే రాష్ట్రంలో కాలేజీకి ఫీజు కట్టి, పరీక్షలకి మాత్రం రైలెక్కి పోయి తెచ్చుకున్న బీఎడ్. మన జిల్లాలో అలా చదివిన వాళ్లని వరసగా నిలబెడితే సత్తెనపల్లి దాకా ఉంటారు. తర్వాత వాడు నేర్చుకున్నాడు, ఇప్పుడు పాఠం బాగానే చెబుతాడు. కానీ బీఎడ్ రోజుల్లో వాడు సుద్దముక్క పట్టుకోలేదు. కాలేజీ ఏజెంటుకి ఫోన్ చేస్తే, ఏదన్నా ఒక బడి పేరు చెప్పు సార్, రాసిస్తాం అన్నాడట. వీడు చెప్పాడు, వాళ్లు రాశారు, ఆ కాగితం ఆస్ట్రేలియా పోయింది. వాళ్లు నిజంగానే బడిని అడిగి చూసుకుంటారని వీడు అనుకోలేదు. మన దగ్గర ఎవరడిగారు గనక?

జులై నెలాఖరులో రెండు జవాబులూ వచ్చాయి. షెర్లీది సరిపోయింది. ప్రవీణ్‌ది, పర్యవేక్షణలో బోధించినట్టు నిర్ధారణ కాలేదు కాబట్టి కుదరదు అని వచ్చింది. ఎవడో గిట్టనోడు చేసుంటాడు అని వాడు తిరిగాడు. షెర్లీ తన మార్కులు తానే దొంగిలించినట్టు తల వంచుకుని తిరిగింది. నాకు వాడి కోపం కన్నా ఈ పిల్ల తల వంచుకోవడమే ఎక్కువ బాధ పెట్టింది.

హబీబుల్లా గారు మనిషి సూటి. ఇందులో ఏముంది మేడం, తిరగేద్దాం, అమ్మాయి మెయిన్, అబ్బాయి డిపెండెంట్, ఇద్దరూ ఒకే విమానంలో పోతారు అన్నారు. డిపెండెంట్ అన్న మాటకి మా వాడి మొహం చూడాలి. అయినా వాడు రానని అనలేదు. ముందు ఆమెని అడగండి అని లేచిపోయాడు. ఆమె, చుక్కలు వేయడానికి ఎలాగూ పోతున్నా, మా అమ్మని అడుగుతాను అని మీ దగ్గరికి వచ్చింది. మీరేమో ఊరుకోమన్నారు.

వదినా, కోపం తెచ్చుకోకుండా వినండి. ఫ్యాక్టరీలో గొడవ జరిగి అన్నయ్య గారు ఇంట్లో కూర్చున్న ఏడాది మీ ఇల్లు ఎవరు నడిపారు? మీ కుట్టుమిషను కాదా? దాచేపల్లిలో పెళ్లి జాకెట్లన్నీ మీ చేతి మీదే పోయాయని మీరే గొప్పగా చెప్పారు. ఆ ఏడాది అన్నయ్య గారు మీకు డిపెండెంటే కదా. ఆయన మొహం ఏమన్నా తరిగిందా? ఇప్పటికీ ఆ మనిషిని చర్చిలో సంఘ పెద్దగా ముందు వరసలో కూర్చోబెడుతున్నారు. మీకు అప్పుడు అంటని సిగ్గు మీ కూతురికి ఎందుకు అంటగడతారు?

ఇంకొక సంగతి మీకెప్పుడూ చెప్పలేదు. పెళ్లిచూపులు మీ ఇంట్లో జరిగాయని మీరు అనుకుంటారు. మీరు కాఫీ ఇచ్చారు, మైసూరుపాకు పెట్టారు, కొంచెం గట్టిపడినా తిన్నాం. అది లాంఛనం. నేను పిల్లని చూసింది అంతకు ముందు ఏడాది, మా బడి తొమ్మిదో తరగతి గదిలో. షెర్లీ బీఎడ్ ప్రాక్టీసుకి మా బడికే వచ్చిందని మీకు గుర్తుంది కదా. హెడ్‌మిస్ట్రెస్‌ని కాబట్టి వెనక బెంచీలో కూర్చుని పాఠం చూడటం నా పని.

ప్రాక్టీసు టీచర్లందరూ చేసే పని ఒకటుంది. నేను వచ్చి కూర్చుంటానని తెలియగానే ముందు రోజే పిల్లలకి ప్రశ్నలు, జవాబులు బట్టీ పట్టిస్తారు. మరుసటి రోజు చేతులు జొన్నచేనులాగా లేస్తాయి. షెర్లీ ఆ పని చేయలేదు. మీ ఊరి నుంచి నాపరాయి ముక్క ఒకటి తెచ్చి దాని మీద ల్యాబ్‌లోని యాసిడ్ చుక్క వేసింది. రాయి బుసబుసా పొంగింది. ఒకడు లేచి, రాయి ఉడుకుతంది టీచర్ అన్నాడు. వేరే వాళ్లయితే నన్ను చూసి భయపడి, తప్పు, కూర్చో అనేవాళ్లు. ఈమె వాడిని ముందుకు పిలిచి, రాయి అడుగున చెయ్యి పెట్టి చూడు, కాలుతోందా అని అడిగింది. లేదన్నాడు. మరి నిప్పు లేకుండా ఎట్లా ఉడికింది అంది. గంట కొట్టినా ఆ క్లాసు లేవలేదు. నా పక్కనున్న పిల్ల నన్నే అడిగింది, మీకు తెలుసా మేడం అని. నేను తెలుగు టీచర్ని, నాకేం తెలుసు! ఇంటికి పోయి మీ అన్నయ్య గారితో, ఈ పిల్ల మనింటికి వస్తే బాగుండు అన్నాను.

ఆ పిల్లని తల వంచుకోమని మీరు చెబుతున్నారు. నేను ఒప్పుకోను. రేపు కాకపోతే ఎల్లుండి బస్సెక్కించండి. మీ కంటికి చుక్కలు వేయడానికి అన్నయ్య గారికి చేతులున్నాయి.

ఇక్కడ వాన పడలేదు, ఉక్కగా ఉంది. ప్రవీణ్ మధ్యాహ్నం బండి తీసుకుని ఎటో పోయాడు, ఇంకా రాలేదు. మీ అన్నయ్య గారు మీ అందరికీ వందనాలు చెప్పమన్నారు. రాసిన దాంట్లో కటువైన మాట ఉంటే అది బడిలో అరిచి అరిచి వచ్చిన అలవాటు, మనసులో పెట్టుకోకండి.

మీ కంటికి, మీ ఇంటికి మంచి జరగాలని ప్రార్థిస్తూ,

మీ వదిన,
ప్రేమమ్మ.

తా.క. షెర్లీ, ఇక్కడి నుంచి బయటికి చదవకు. ఇది నీకు.

ప్రవీణ్ ఏజెంటుకి చెప్పిన బడి మా బడే. నీకు తెలుసు, వాడి ఫారం టైపు చేసింది నువ్వే. ఇద్దరివీ ఒకే బడి పేరుతో పోతే పోల్చి చూసి పట్టుకున్నారని, నీ ఫైలు లేకపోతే వాడిది గట్టెక్కేదని నీ మనసులో ఉంది. అందుకే సంతకం పెట్టడం లేదు. నువ్వు చెప్పకపోయినా నాకు అర్థమైంది.

నీ వల్ల కాదమ్మా. బడికి రెండు మెయిళ్లు వచ్చాయి, ఒకటి నీ పేరు మీద, ఒకటి వాడి పేరు మీద. ఈ మనిషి మీ బడిలో మీరు చూస్తుండగా పాఠాలు చెప్పారా అని. రెండూ తెరిచింది నేనే. వాడు నాకు ముందు ఒక్క మాట చెప్పలేదు. ఒకవేళ అడిగినా అమ్మ బడే కదా, అమ్మ కాదంటుందా అనుకున్నాడు. నువ్వు నాపరాయి పట్టుకుని మా క్లాసులో నిలబడ్డ ఏడాది వాడు చిలకలూరిపేట మిల్లులో సూపర్‌వైజరు. పెళ్లిచూపుల్లో మీకు చెప్పింది అదే కదా.

అబద్ధం రాయడం నాకు చేతకాక కాదు. హాజరు తగ్గిన పిల్లల్ని పరీక్షకి కూర్చోబెట్టడానికి ఎన్నిసార్లు పెన్ను వంకర తిప్పానో దేవుడికి తెలుసు. వాడు నా కొడుకు, అవునని రాయడానికి చెయ్యి లాగింది. కానీ వాడికి ఉత్తినే అవునంటే, నీకు రాసే అవునుకి విలువేముంది? అది కూడా అత్తగారు కోడలికి పెట్టిన సంతకం అయిపోతుంది. వీసా దాకా పోయి బయటపడితే ఇద్దరికీ దారి మూసుకుపోతుందన్న భయం కూడా ఉంది. లేదని రాశాను. ఆ సాయంత్రం వాడికి ఇష్టమని చేపల పులుసు పెట్టాను. బాగుందమ్మా అని రెండోసారి వేయించుకున్నాడు.

ఇవాళ చర్చి నుంచి వచ్చాక వాడికి చెప్పేశాను. ఏందమ్మా, నువ్వా అన్నాడు. అంతే, బండి తీశాడు. అన్నం మూత పెట్టి ఉంచాను. వస్తాడు. ఎన్నాళ్లు మాట్లాడడో తెలియదు, అది నేను పడతాను. నీ మీద కోపం పెట్టుకోవడానికి మాత్రం వాడికి ఇక కారణం లేదు, నువ్వు తల వంచుకోవడానికి అసలే లేదు.

నీ పేరు దగ్గర అవునని రాసేటప్పుడు ఒక్క నిమిషం కూడా ఆలోచించలేదు. నా కొడుకుని వదులుకుని నిలబెట్టుకున్న మాట అది. దాన్ని వృథా చేయకు.