ఎడమ భుజపు తుపాకీ

కోచెవ్యె, అక్టోబరు

యుస్తినా అత్తయ్యా,

పోయిన మామయ్య వేట తుపాకీని మీ దగ్గర కొనాలా వద్దా అని ఇన్నాళ్లూ తటపటాయించాను. "గోడకు తగిలించేవాళ్లకు అమ్మను" అన్నారు మీరు. ఆయన దాన్ని తన ఎడమచేతి వాటానికి చేయించుకున్నారు. నాది కుడిచేతి వాటం. నేను కొంటే అది గోడకే.

నిన్న మీ ఇంట్లో మీరు కాఫీ కలపడానికి లోపలికెళ్లినప్పుడు మా అమ్మాయి నేజా దాన్ని ఎడమ భుజానికి ఆనించి చూసింది. "నాన్నా, ఇది నా కొలతకే చేసినట్టుంది" అంది. దానికీ ఎడమచేతివాటమే. వేట లైసెన్సు మొన్ననే చేతికొచ్చింది. కొంటున్నాను.

మన వేటగాళ్ల ఆచారం ప్రకారం తొలి జింకను కొట్టిన రోజు కొత్తవాళ్లను బోర్లా పడుకోబెట్టి, పెద్దలు బెత్తంతో మూడు దెబ్బలు వేస్తారు కదా. నేజాకు మామయ్య బదులు మీరే వేయాలి. జాలిపడకండి. ఆయన నాకు వేసిన దెబ్బలకు వారంపాటు నిలబడే అన్నం తిన్నాను.

మీ మేనల్లుడు