ఈతలో మొదటి పిల్ల

గన్‌ఫౌండ్రీ,
జూన్

ప్రియమైన వనితా,

నీ చెవులకి ఫోను పనికిరాదు, నా కాలికి మెట్లు పనికిరావు. అందుకే బడి రోజుల్లోలాగా మళ్ళీ ఉత్తరాలు మొదలుపెడుతున్నాను. మీ అమ్మాయి హైందవి రోజూ మధ్యాహ్నం బ్యాంకు నుంచి మా ఇంటికే భోజనానికి వస్తోంది కాబట్టి మన పోస్ట్‌మన్ ఉద్యోగం కూడా దానికే ఇచ్చేశాను.

బాద్‌షా పోయాక ఇల్లు ఇల్లులా లేదే. ఈయన పేపరు చదువుతూ అలవాటు కొద్దీ కుర్చీ కిందికి బిస్కెట్ ముక్క జారవిడుస్తారు. కాసేపటికి ఆయనే వంగి తీసి, నేను చూశానేమోనని ఇటు చూస్తారు. పామరేనియన్ కుక్కలు ఈ ఊళ్ళో వీధికొకటి ఉన్నాయి. కానీ నాలుక చివర ఎడమ పక్క కొంచెం బయటపెట్టి, లోకాన్నంతా వెక్కిరిస్తున్నట్టు చూసే ఆ ముఖం మరెక్కడా లేదు.

జతకి మగకుక్కని ఇచ్చినవాళ్ళకి ఆ ఈతలో, అంటే ఆ కాన్పులో, మొదటి పిల్ల అనీ, వాళ్ళొచ్చి ఏరుకున్నాకే మిగతావి గడప దాటాలనీ నువ్వే చెప్పేదానివి. మీ ఆడకుక్క గౌరికి మా బాద్‌షా వల్ల పుట్టిన పిల్లల్లో నాది నేను వచ్చి ఏరుకోవాలి. ఈ కాలికట్టుతో మూడో అంతస్తు దిగలేను. దిగినా ఏం లాభం, నా కళ్ళకి అన్నీ దూది ఉండలే. పిల్ల ముఖం చూసి పెద్దయ్యాక ఎలా ఉంటుందో చెప్పే విద్య నీది. పెరిగి బాద్‌షా అయ్యేవాణ్ణి నువ్వే ఏరి పంపు. నాకు ఇంకేమీ అక్కర్లేదు.

నీ
వసు

నాంపల్లి,
జూలై

ప్రియమైన వసూ,

నీ ఉత్తరం చదివి చాలాసేపు గౌరి పక్కన కూర్చున్నాను. బాద్‌షా పుట్టింది ఈ ఇంట్లోనే కదా. మా అత్తమ్మ “సదువుకునే పోరి ఉన్న ఇంట్ల ఇంకో కుక్క ఏంది” అని పట్టుబడితే నీ చేతుల్లో పెట్టాను. నువ్వు వాణ్ణి మహారాజులా చూసుకున్నావు, కాదనను.

ఈ ఈతలో మగపిల్లలు ఇద్దరు. తొందరపడి చెప్పకూడదని ఎనిమిది వారాలు నిండేదాకా ఆగాను. ఆ వయసులో ఉన్న ముఖమే పెద్దయ్యాక ఉండబోయే ముఖం, మధ్యలో ఎన్ని వేషాలు వేసినా సరే. కంటికీ ముక్కుకీ మధ్య ఎడం చూస్తాను. చెవి మొదట్లో వేలుపెట్టి మందం చూస్తాను. నోరు తెరిచి కింది దవడ ఎంత ముందుకుందో చూస్తాను. అన్నీ చూసే నీ పిల్లవాణ్ణి ఎంచాను. బుట్టలో పెట్టి హైందవితో పంపుతున్నాను. రెండోవాణ్ణి మా తమ్ముడు బాలరాజు కరీంనగర్ తీసుకుపోయాడు.

ఉంటాను మరి,
వనిత

గన్‌ఫౌండ్రీ,
సెప్టెంబర్

ప్రియమైన వనితా,

వీడికి నవాబు అని పేరు పెట్టాం. పేరుకి తగ్గ పనులే చేస్తున్నాడు. ఈయన చెప్పులు రెండు జతలు తిన్నాడు, సుల్తాన్ బజార్‌లో కొన్న కొత్త తివాచీ మీద ఏం చేశాడో రాయను.

ముఖం సంగతే నాకు అంతుపట్టడం లేదు. ముక్కు రోజురోజుకీ సాగుతోంది. కుడిచెవి నిలబడింది, ఎడమది మడతపడి లేవనంటోంది. ముఖం మీద బొచ్చు ఊడిపోయింది. ఈయన “నక్కపిల్లని పంపిందేమో చూడు మీ స్నేహితురాలు” అని నవ్వుతున్నారు. నేను ఆయన మీద కోప్పడ్డాను. వనిత ఎంచిందంటే అయిపోయింది, వీడు బాద్‌షా అవుతాడని పందెం కట్టాను. నన్ను ఓడించకు. ఒకసారి వచ్చి చూసిపో.

నీ
వసు

నాంపల్లి,
అక్టోబర్

ప్రియమైన వసూ,

కంగారుపడకు. నాలుగో నెలలో పామరేనియన్ పిల్లలన్నీ కోతిముఖాలే. పాలపళ్ళు ఊడేటప్పుడు చెవులు వాలతాయి, మళ్ళీ లేస్తాయి. బొచ్చు నిండితే ముక్కు పొడవు కనిపించదు. బాద్‌షా కూడా చిన్నప్పుడు ఇలాగే ఉండేవాడు, నువ్వు మరిచిపోయావు. సంక్రాంతి దాటనీ, వాడే వాడి ముఖంలోకి వస్తాడు.

నేను రావాలనే ఉంది కానీ నా మోకాళ్ళకి మీ మూడు అంతస్తులు ఎక్కే ఓపిక లేదు. నీ కాలు పూర్తిగా నయం కానీ, నువ్వు కూడా తొందరపడి ఇటు రావద్దు.

ఎప్పటిలాగే,
వనిత

గన్‌ఫౌండ్రీ,
ఫిబ్రవరి

వనితా,

నిన్న మీ ఇంటికి వచ్చాను. నా కాలు నయమైందని నీకు చూపించి ఆశ్చర్యపరుద్దామని నవాబుని ఒళ్ళో పెట్టుకుని ఆటోలో వచ్చాను. నువ్వు లేవు, తాళం వేసి ఉంది. వెనక్కి తిరగబోతుంటే కిటికీ ఊచల మధ్య నుంచి ఒక ముఖం నన్ను చూసింది.

పొట్టి ముక్కు, నిలబడ్డ రెండు చెవులు, ఎడమ పక్క నాలుక చివర. చచ్చినవాడు తిరిగి రాడని తెలిసి కూడా “బాద్‌షా” అని పిలిచాను. వాడు తోక ఊపాడు. ఆ పేరుకి ఎందుకు తోక ఊపాడో మీ పక్కింటి వరలక్ష్మిగారు చెబితే తెలిసింది.

“ఔ, గది బాద్‌షానే. పుట్టినకాంచి గీడనే ఉన్నది. వనితక్క ఎవ్వలకియ్యలే.”

కరీంనగర్ పోయినవాడు వీడేనా? ఎనిమిది వారాలప్పుడే నీకు ఎవరు ఏమవుతారో తెలుసు. తెలిసే ఏరావు. తెలిసే “ఆగు, చెవి లేస్తుంది” అని రాశావు. నేను నీ మాట పట్టుకుని ప్రతి పొద్దున్నా వీడి చెవిని వేళ్ళతో నిలబెట్టి చూసుకునేదాన్ని వనితా. నన్నెంత పిచ్చిదాన్ని చేశావు.

జవాబు రాయి.

వసు

నాంపల్లి,
ఫిబ్రవరి

ప్రియమైన వసూ,

రాస్తున్నాను. మొదటి పిల్ల నీదే, కట్టు తప్పింది నేనే. అయినా నాకూ ఒక మాట ఉంది. బాద్‌షాని నీకు ఇచ్చిన రోజు నేను ఏడుస్తుంటే, “నీ కుక్కే అనుకో, ఎప్పుడైనా వచ్చి చూసుకో” అన్నావు. వచ్చినప్పుడల్లా వాడు నన్ను చుట్టాన్ని చూసినట్టు చూసి నీ వెనక్కి పోయేవాడు. ఆ ముఖం నీకు ఒక జీవితకాలం దక్కింది. ఈసారి నాకు దక్కితే ఏమైందనుకున్నాను. ఇప్పటికీ అనుకుంటున్నాను.

కానీ నీ ఉత్తరం చదివాక నాకు అన్నం దిగడం లేదు. ఆదివారం హైందవి వాణ్ణి తీసుకొస్తుంది. ఉంచుకుని, నీ దగ్గరున్నవాణ్ణి దానికి ఇచ్చి పంపు. లెక్క సరిపోతుంది.

వనిత

గన్‌ఫౌండ్రీ,
ఆదివారం

వనితా,

హైందవి వచ్చింది. బుట్ట మూత తీస్తే అచ్చం వాడే. ఈయన కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. ఒళ్ళోకి తీసుకున్నాను. వాడు నా చేతిని ఒకసారి వాసన చూసి, దిగి, తలుపు దగ్గరికి వెళ్ళి కూర్చుని మూలగడం మొదలుపెట్టాడు. నీ కోసం. నవాబు మంచం కింద దూరి బయటికి రాలేదు. నీ లెక్క సరిచెయ్యడానికి వాణ్ణి నేను పంపాలా?

అందుకే నీ కుక్కని నీకే తిప్పి పంపుతున్నాను. నవాబు ముక్కు పొడుగు, చెవి మడత అలాగే ఉండిపోతాయి. వాడి ముఖం వాడిది, వాడి తప్పేం లేదు.

హైందవి ఇన్ని నెలలు నా చేతి అన్నం తింటూ తలొంచుకుని కూర్చునేది. బ్యాంకులో పని ఒత్తిడి అనుకున్నాను. ఇవాళ గుమ్మంలో “అమ్మ చెప్పద్దన్నది పెద్దమ్మా” అని ఏడ్చింది. దాన్ని నేను ఏమీ అనలేదు. నువ్వూ అనకు. రేపటి నుంచి భోజనానికి మామూలుగానే రమ్మన్నాను. ఉత్తరాలు మాత్రం ఇచ్చి పంపకు.

ఒక్క మాట అడిగి ఉంటే వాణ్ణి నీకే వదిలేసేదాన్నని గొప్పలు పోను. వదిలేదాన్ని కాదు. మొదటి పిల్ల నాదని నీతో కొట్లాడేదాన్ని, నువ్వూ ఊరుకునేదానివి కాదు. కొన్నాళ్ళు మాటలు మానేసి, మళ్ళీ ఏదో వంకతో నేనే నీకు ఉత్తరం రాసేదాన్ని.

వసుమతి